చిలక ముందు భోజనం

జులై 8, మంగళవారం

పొద్దున్నుంచి ముసురు. కొబ్బరి దింపు ఆగిపోయింది. రాలిన కాయలు ఏరించి షెడ్డులో పోయించాను. ఒలుపు మనుషులు టీ తాగి వెళ్ళిపోయారు.

చిలక మళ్ళీ కర్ర మీద నుంచి జారింది. సన్ కన్యూర్ అంటారు దీన్ని. పసుపు ఒళ్ళు, పచ్చ రెక్కలు. మా ఆయన రెండేళ్ళ కిందట తెచ్చారు. హాల్లో పంజరం, పక్కనే ఆయన కుర్చీ. ఇప్పుడు కుర్చీ దాకా ఎగిరితేనే ఆయాసపడుతోంది. ముక్కు పొడుగ్గా పెరిగిపోయింది. వచ్చినవాళ్ళంతా బొద్దుగా ముద్దొస్తోందంటారు.

జులై 9

అమలాపురంలో పక్షుల్ని కూడా చూసే డాక్టరుగారు ఉన్నారు, మెర్సీ గారని. పక్షికి డాక్టరేమిటని మా ఆయన నవ్వి, రానన్నారు. పంజరం ఒళ్ళో పెట్టుకుని కొత్తపేటలో బస్సెక్కాను.

ఏం పెడుతున్నారని ఆవిడ అడిగారు. పొద్దుతిరుగుడు గింజలు, కొబ్బరి అన్నాను. కొబ్బరి ఎంత అన్నారు. ఎంతని చెప్పను? కురిడీ, అంటే ఎండు కొబ్బరి వ్యాపారం చేసే ఇల్లు. ఆయన కాయ కొట్టి చూసినప్పుడల్లా ఓ ముక్క దానికి. పూజ చిప్పలో సగం దానికి. పచ్చడికి తురమగా మిగిలింది దానికి.

ఆవిడ దాని పొట్ట మీద ఈకలు తడిపి చూపించారు. చర్మం కింద పచ్చగా కొవ్వు. లివరులోనూ ఇదే ఉంటుందన్నారు. ఇలాగే పెడితే ఎక్కువ కాలం బతకదన్నారు.

పెల్లెట్లు, అంటే పక్షుల కోసం చేసే మేత గుళికలు పెట్టమన్నారు. ఉడికించిన పెసలు, క్యారెట్, గుమ్మడి, బాగా కడిగిన తోటకూర, మునగాకు. పండు కొంచెం. గింజలు, కొబ్బరి ఎప్పుడైనా ఓ పలుకు. ఉప్పు, కాఫీ, చాక్లెట్ అసలు వద్దు. మెల్లగా మార్చండి, ఒక్కసారిగా మానిపించకండి అని రెండుసార్లు చెప్పారు.

జులై 10

ఒక్కసారిగానే మానిపించాను. ఆ కొవ్వు చూశాక గింజలు పెట్టడానికి చెయ్యి రాలేదు. గింజల డబ్బా అటకెక్కించాను.

జులై 12

తినడం లేదు. పెల్లెట్లు ఒక్కొక్కటే ముక్కుతో తీసి కింద పడేస్తోంది. మునగాకు మీద రెట్ట వేసింది.

నోరు కట్టేసి చంపుతున్నానని అత్తయ్యగారు అన్నారు. ఆయన అన్నం తింటూ జేబులోంచి కొబ్బరి ముక్క తీసి పంజరంలో పెట్టారు. నేను చూశాను. నేను చూడటం ఆయనా చూశారు.

జులై 13

నాకు కాలు ఒకచోట నిలవడం లేదు. పంజరం దగ్గరికి వెళ్తాను, వస్తాను, మళ్ళీ వెళ్తాను. పప్పులో ఉప్పు రెండుసార్లు వేశాను. అది ఈకలు ఉబ్బించుకుని మూలకి ఒదిగి కూర్చుంది.

మెర్సీ గారికి ఫోన్ చేశాను. కోప్పడ్డారు. అలవాటు లేనిది తినడం కన్నా కొన్ని పస్తుండి చచ్చిపోతాయట. పాత గింజలు వెంటనే పెట్టమన్నారు, వాటిలోనే కొత్తవి కలపమన్నారు. ఆ తర్వాత, మీరు దాని ఎదురుగా తింటారా అని అడిగారు. గుంపులో బతికే పక్షట. పక్కవాళ్ళు తినేది చూస్తే అదీ ధైర్యం చేస్తుందట.

సరేనని ఫోన్ పెట్టేశాక ఆలోచించాను. హాల్లో ముందు ఆయన తింటారు, ఆయనతో ఎవరైనా వస్తే వాళ్ళూ. తర్వాత వంటింట్లో అత్తయ్యగారు. ఆఖర్న నేను, వంటింటి తలుపు వెనక పీట మీద.

నేను కూడా తింటానని ఆ చిలకకి తెలియదు.

జులై 14

మధ్యాహ్నం నా కంచం హాల్లోకి తెచ్చుకున్నాను. పంజరం ఎదురుగా చాప మీద కూర్చున్నాను. అన్నం పక్కన ఉప్పు వేయని పెసలు, క్యారెట్ ముక్కలు, మునగాకు.

ఆయన కలిపిన ముద్ద చేతిలోనే ఉంచుకుని చూశారు. అత్తయ్యగారు వంటింటి గుమ్మంలో నిలబడిపోయారు.

"వాడు కంచం ముందు కూర్చోగానే నువ్వూ కూర్చుంటే వడ్డించేదెవరమ్మా?"

డాక్టరుగారు చెప్పారన్నాను. వైద్యం అనేసరికి ఆవిడే వచ్చి వడ్డించారు.

చిలక నా నోటి వంక చూస్తూ కూర్చుంది. తినలేదు.

జులై 17

ఒక పెసర గింజ తీసుకుంది. కింద పడేయలేదు.

జులై 19

క్యారెట్ తింది. గింజలు రోజూ కొంచెం తగ్గిస్తున్నాను. రెట్ట గట్టిపడింది. వాన తెరిపిచ్చింది, నాట్ల మనుషులు వచ్చారు. పదిన్నరకే వాళ్ళకి టిఫిను పంపేసి, ఒంటిగంటకల్లా హాల్లో ఉన్నాను.

జులై 22

అత్తయ్యగారికి మోకాళ్ళు పట్టేసి లేవలేకపోయారు. అన్నం గిన్నె, కూర గిన్నె ఆయన పక్కనే పెట్టి నేను కూర్చున్నాను. ఆయన కంచం ఖాళీ అయింది. గిన్నె వంక చూశారు. నా వంక చూశారు. చారు పొయ్యమన్నారు.

"ఎంగిలి చెయ్యండి. ఎలా వడ్డించను?" అన్నాను.

ఆయనే పోసుకున్నారు. చాప మీద ఒలికింది.

జులై 26

అత్తయ్యగారు కంచం పట్టుకుని వచ్చి నా పక్కన కుర్చీ వేసుకున్నారు. నేనేం అడగలేదు. ఇద్దరం తింటే అది ఇంకాస్త తింటుందని ఆవిడే అన్నారు. కాపురానికి వచ్చినప్పటి నుంచీ ఆవిడ హాల్లో తినడం నేను చూడలేదు. మునగాకు నోట్లో పెట్టుకుని, గడ్డి కన్నా అన్యాయంగా ఉందన్నారు. మొత్తం తినేశారు.

చిలక కిటికీ కర్టెన్ దాకా ఎగిరింది. ఆయాసం లేదు.

జులై 30

భోజనాల వేళ ఆయన పంజరం తలుపు తీసి కొబ్బరి ముక్క చూపించారు. చిలక ఆయన చెయ్యి దాటి వచ్చి నా కంచం అంచున వాలింది. ఆయన కాసేపు అలాగే చెయ్యి చాపి ఉన్నారు. తర్వాత ఆ ముక్క తనే తిన్నారు.

ఆగస్టు 2

కురిడీ లోడుకి జొన్నాడ నుంచి బంగారరాజు గారు వచ్చారు. చిలకని మెచ్చుకున్నారు. నచ్చితే పట్టుకెళ్ళండి అన్నారు ఆయన, అరటి గెల ఇచ్చినట్టు. దీని మూలంగా ఇంట్లో భోజనాలు ఓ పద్ధతిలో జరగడం లేదన్నారు.

అత్తయ్యగారు లోపలికి వెళ్ళిపోయారు. ఎందుకని అడిగితే లోడు వాళ్ళ ముందు ఆయన గొంతు లేస్తుంది. బంగారరాజు గారికి ఏం పెట్టాలో, ఏం పెట్టకూడదో చెప్పాను. పెల్లెట్ల డబ్బా ఇచ్చాను. ఆయ్, ఆయ్ అంటూ విన్నారు. పంజరం వ్యాను ముందు సీట్లో పెట్టుకున్నారు.

ఆగస్టు 3

రెండుసార్లు కంచం పట్టుకుని హాల్లోకి వెళ్ళి, రెండుసార్లూ వెనక్కి వచ్చాను.

ఆగస్టు 4, సోమవారం, ఉదయం

బంగారరాజు గారు ఫోన్ చేశారు. వెళ్ళిన దగ్గర్నుంచీ చిలక ఏమీ ముట్టలేదట. మీరు చెప్పినవే పెడుతున్నామండీ అన్నారు. దాని ఎదురుగా ఎవరు తింటున్నారని అడిగాను.

"నేనొక్కణ్ణేనండీ. ఆడాళ్ళు తర్వాత లోపల తింటారు కదండీ."

అదే రోజు

పదకొండున్నర బస్సుకి నా క్యారేజీ కట్టుకుని నేను జొన్నాడ బయలుదేరాను. అత్తయ్యగారు కూడా వచ్చారు, ఆవిడ క్యారేజీ ఆవిడే పట్టుకుని. ఆయన ఇంకా భోంచేయలేదు.