వదిన దున్నించిన ఉలవచేను

శనివారం, పుంగనూరు

రెండుసార్లు నీళ్ళు పోసుకున్నా ఒంటికి పొగవాసన పోలేదు.

మధ్యాహ్నం పక్క రైతు చెత్తకు నిప్పు పెడితే, గాలి తిరిగి మంట మా వదిన మునెమ్మ ఉలవచేనులోకి వచ్చింది. పీకడానికి సిద్ధంగా ఎండిన చేను. దాని వెనకే వదిన ఇన్నేండ్లుగా దున్ననీయకుండా కాపాడిన గడ్డి బీడు. నేను ట్రాక్టరుతో పోయేసరికి జనం ఉలవలు పీకుతాండారు.

"గడ్డి పోతే పోనీ వదినా, వానొస్తే మొలస్తాది. ముందు ఉలవలు దక్కించుకుందాం" అన్నాను.

"ఉలవలు మళ్ళా ఏసుకుంటాం నాగరాజా. గడ్డిలో కౌజుపిట్టలు పిల్లల్తో ఉండాయి. అవి యాడికి పోతాయి? మన శెనక్కాయల్లో పురుగుల్ని తినేది అవే గదప్పా. చేనుకు అడ్డంగా దున్ను" అనింది.

గొంతు కూడా పెంచలేదు. ఆమె ముందు నడుస్తాంటే కాయల మీదనే దున్నినాను. చేను సగం కాలింది. దున్నిన మట్టి దగ్గరికొచ్చి మంట ఆగిపోయింది. బీడులో ఒక్క పోచ అంటుకోలేదు.

సాయంత్రం అన్న కుప్పంలో కూరగాయల లోడు దించి వచ్చినాడు. చేను చూసి, గట్టు దిగి కాలని కాయ ఒకటి ఒలిచి చూసినాడు. "మిగిలింది రేపు పీకుదాం" అని మాత్రం అన్నాడు. ఇట్లాంటి మనుషులు మా ఇంట్లోనే ఉండారని నాకు ఇన్నాళ్ళు తెలీలేదు.

టమోటా పెట్టడానికి ఆ బీడులో నా వాటాను సోమవారం దున్నాలనుకున్నాను. వదినకు ఇంకా చెప్పలేదు. ఇప్పుడు ఏ మొగం పెట్టుకోని చెప్పేది...