ఎలుగుబంటి వంతు

శుక్రవారం, ఫిబ్రవరి 9
ఉదయం, ప్రార్థన అయ్యాక

తమ్ముడికి,

పెద్దక్క దీవెనలు. అమ్మ ఆరోగ్యం నిలకడగా ఉంది. చిన్నక్క, చిన్నబావ బుధవారం నుంచి ఇక్కడే ఉన్నారు. నీ కూతురు నిన్న రెండు ముద్దలు తింది. నీ కుడి కన్ను ఇక దక్కదని డాక్టరు చెప్పారట. రెండో కన్ను అలసిపోకుండా ఈ ఉత్తరం నర్సమ్మ చేత చదివించుకో. తలుపు దగ్గర కాపలా ఉన్న పోలీసు విన్నా ఫరవాలేదు.

బుధవారం పొద్దున ఎలా మొదలైందో నీకు తెలియదు. తెలియాలి.

ఎప్పటిలాగే ఎనిమిదిన్నరకు బాలబడికి వెళ్ళాను. మీ ఆవిడ అప్పటికే గది ఊడ్చి, నీలం చాప పరిచి, పిల్లల చెప్పులు జతలు జతలుగా గోడవారన పెడుతోంది. చెప్పులు అటూ ఇటూ మార్చి వేసుకునే పిల్లాడొకడున్నాడు. వాడి జత మీద సుద్దముక్కతో గుర్తు పెట్టింది. నీళ్ళ కుండ నింపింది. ఒక పిల్ల రాత్రి వచ్చిన కలంతా నాకు చెప్పింది. కలలో వాళ్ళ నాన్న గుర్రమట. అందరూ కూర్చునేసరికి తొమ్మిదైంది.

అక్కడ కథలు చదవడానికి ముగ్గురం వెళ్తాం. సోమవారం టైలరమ్మ, బుధవారం నేనూ, రిటైరైన పోస్టుమాన్‌గారూ. జీతం భత్యం లేని కొలువు. అక్షరాలు దిద్దించే ముందు పిల్లల చెవుల నిండా మాటలు పడాలని మీ ఆవిడ నమ్మకం. ఇంటింటికీ తిరిగి మమ్మల్ని పోగుచేసింది ఆమే. మొదట్లో నేను పుస్తకం నా వైపు తిప్పుకుని చదివేదాన్ని. బొమ్మలు మీకు కాదు వదినా, వాళ్ళకి, అని నవ్వుతూ చెయ్యి తిప్పేది.

ఆ రోజు కథ వానలో ఒక ముసలమ్మ గుడిసె. తడిసిన జంతువులు ఒక్కొక్కటే వచ్చి తలుపు తడతాయి. మేం దాన్ని ఆటగా చదువుతాం. పోస్టుమాన్‌గారు బయట వరండాలో నిలబడి తలుపు తట్టి, ఆ జంతువులా అరుస్తారు. వంతు వచ్చిన పిల్ల లేచి నిజం తలుపే తీస్తుంది. ముప్పై ఏళ్ళు తలుపులు తట్టానమ్మా, ఒక్కరూ ఇంత సంతోషంగా తియ్యలేదు, అంటారాయన.

నువ్వు వస్తావన్న భయంతో, వేరుపడిన ఈ ఏడు నెలలూ మీ ఆవిడ పైగడియ వేసే పాఠం చెబుతోంది. ఈ ఆట ఆడేటప్పుడు మాత్రం పిల్లలకు అందే కింది గడియ ఒక్కటే. ఆ ఆట పెట్టింది నేను. పైగడియ వద్దన్నదీ నేనే. కాసేపటికి ఏమవుతుందిలే అన్నాను.

కప్ప వచ్చింది. మేక వచ్చింది. తర్వాత ఎలుగుబంటి. తలుపు తీసే వంతు నీ కూతురిది.

బయట గోడకు ఏదో దబ్బుమని తగిలింది. తర్వాత మూలుగు. పిల్లలు పగలబడి నవ్వారు. పోస్టుమాన్ తాత ఎలుగుబంటిలా బాగా అరుస్తున్నాడనుకుని నేనూ నవ్వాను. తలుపు మూడుసార్లు కొట్టావు. నీ కూతురు పరిగెత్తి గడియ తీసింది.

నిన్ను చూసి పిల్లలు ఇంకా నవ్వారు. నీ చేతిలో వ్యాను జాకీ కడ్డీ, దాని కొసన ఆ పెద్దాయన రక్తం. అది రక్తమని వాళ్ళకు తెలియదు. లోపలికి రా, వెచ్చగా కూర్చో, అని ఒకడు చప్పట్లు కొట్టాడు. కథలో ముసలమ్మ అనే మాట అది.

నువ్వు కూతుర్ని పక్కకు నెట్టావు. మీ ఆవిడ లేచి నిలబడింది.

"కథలు చెప్పుకుంటూ హాయిగా ఉన్నావన్నమాట," అన్నావు.

మొదటి దెబ్బకు ఆమె దవడ విరిగింది. ఎండుపుల్ల విరిచినంత చప్పుడు. రెండోది భుజం మీద. మూడో దెబ్బకు అడ్డం పెట్టిన చెయ్యి పక్కకు వాలిపోయింది. నాలుగోదానికి నేల మీద పడింది. పడ్డాక కూడా కొట్టావు. విరిగిన పన్నొకటి వచ్చి నా చేతిలోని పుస్తకం మీద పడింది. అప్పటికి నవ్వులు ఆగిపోయాయి. గదిలో కడ్డీ చప్పుడొక్కటే ఉంది.

నేను అరవలేదు. చివరి పేజీ తీసి గట్టిగా చదివాను. వాన వెలిసింది, అందరూ నిద్రపోయారు అని. ఆ మాట వినగానే పిల్లలు గోడవైపు తిరిగి, కళ్ళ మీద చేతులు పెట్టుకుని పడుకోవాలి. అదీ ఆటలో భాగమే. పదమూడు మంది పడుకున్నారు. ఒకడికి లాగు తడిసింది, అయినా చేతులు తియ్యలేదు. నీ కూతురొక్కతే తలుపు పట్టుకుని అంతా చూసింది.

ఆ తర్వాత నువ్వు పడ్డావు. పక్క వెల్డింగు షాపువాళ్ళు పరిగెత్తుకొచ్చారు.

పోస్టుమాన్‌గారికి పుర్రె చిట్లింది. ఇంకా తెలివి రాలేదు. వాళ్ళావిడ ఆయన కళ్ళజోడు కడిగి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మీ ఆవిడ దవడకు తీగలు కట్టారు. ఆరు వారాల దాకా నోరు తెరవడం కుదరదు.

నువ్వు ఇచ్చిన వాంగ్మూలం చిన్నబావ విన్నాడు. కూతుర్ని చూసుకోవడానికి వెళ్ళావట. భార్య వెనక నుంచి ఇనుప స్టూలుతో కొట్టి కన్ను పోగొట్టిందట. ఆమె గాయాలు పెనుగులాటలో తగిలినవట. ఎస్సై ఆ మాట పట్టుకుని ఆమె మంచం దగ్గరకు వెళ్తే, ఆమె కాగితం అడిగి, ఎడమచేత్తో 'నేనే కొట్టాను' అని రాసిచ్చింది. ఇంకేం, ఆమెకు జైలు, పిల్ల తండ్రికి అని నీ వకీలు మనింటికి ఫోన్ చేసి చెప్పాడు.

గదిలో నోరున్న పెద్దదాన్ని నేనొక్కదాన్నే. పిల్ల ఎవరి దగ్గర ఉండాలన్నది నేను చెప్పేదాన్ని బట్టే తేలుతుంది. అందుకే నిన్న సాయంత్రం నలుగురం కూర్చున్నాం.

నేనేమీ చూడలేదని చెప్పమంది అమ్మ. పుస్తకంలో తల పెట్టుకుని ఉన్నాను అంటే సరిపోతుందంది. కడుపు చించుకుంటే కాళ్ళ మీదే పడుతుందే, అంది. చిన్నక్క సంగతి నీకు తెలుసు కదా.

"వాడు కొడితే చూడలేదు, అది పడితే చూడలేదు. ఈ ఇంట్లో ఆడవాళ్ళకి కళ్ళెందుకమ్మా, కాటుకకా?" అంది.

చిన్నబావ నవ్వబోయి నేల చూశాడు.

అప్పుడు నేను మాట్లాడాను. ఈ ఆరేళ్ళలో మీ ఆవిడ మూడుసార్లు నాకు ఒంటి మీది వాతలు చూపించింది. మూడుసార్లూ ప్రార్థన చేస్తానమ్మా అని చెప్పి పంపాను. చేశాను కూడా. లేచి నీ దగ్గరకు మాత్రం రాలేదు. అది అమ్మకు చెప్పాను. బుధవారం సంగతీ ఏదీ మిగల్చకుండా చెప్పాను.  అమ్మ నా రెండు చేతులూ ఒళ్ళోకి తీసుకుని, వెళ్ళిరా అంది.

నిర్ణయించింది ఇది. నీ బెయిలుకు ఈ ఇంటి నుంచి ఎవరూ రారు, అమ్మతో సహా. ఆస్పత్రి నుంచి మీ ఆవిడ నేరుగా ఇక్కడికే వస్తుంది. తల్లీ కూతుళ్ళు నీ గదిలో ఉంటారు. చిన్నబావ ఈ పొద్దునే తాళం మార్చాడు. పదింటికి అతన్ని తోడు తీసుకుని నేను స్టేషన్‌కు వెళ్ళి, జరిగింది జరిగినట్టు రాసిస్తాను. నలుగురం ఒప్పుకున్న మాట ఇది.

నీ కోసం కూడా ప్రార్థించే
పెద్దక్క

తా.క. ఇక్కడి నుంచి పెద్ద అక్షరాలతో రాశాను. నర్సమ్మను పంపించి నువ్వే చదువుకో. నిన్ను కొట్టింది మీ ఆవిడ కాదు. నేను. కింద పడి ఉండి ఆమె చూసింది. నన్ను తప్పించాలని తన మీద వేసుకుంది. పిల్లలు కళ్ళు మూసుకున్నాక లేచి, కూర్చున్న స్టూలు ఎత్తాను. మొదటి దెబ్బకే కడ్డీ నీ చేతిలోంచి జారిపోయింది. మోకాళ్ళ మీద కూలావు. వెనక ఎవరున్నారో తెలియక, చిన్నప్పుడు దెబ్బ తగిలితే పిలిచినట్టే "అక్కా" అని పిలిచి తల తిప్పబోయావు. విన్నాను. విన్నాకే రెండోసారి కొట్టాను. నీ కన్ను పోయింది దానికే. స్టేషన్‌లో రెండు దెబ్బలూ రాసిస్తాను.