గుండు విసిరే ముందు రోలరు

ఆర్యపల్లి

కోచ్ గారికి నమస్కారం.

ఆదివారం బరంపురంలో జరిగే ఎంపికలో మా చెల్లి బేబీకి మీరిచ్చేది చివరి అవకాశం. ఈసారి జూనియర్ జట్టులోకి రాకపోతే వయసు దాటిపోతుంది. పడవలు తోసి చేతులు పాడుచేసుకుంటోందని మీరన్నారు. అది తప్పు. మా ఊళ్లో పడవ ఒడ్డుకొస్తే అక్కడెవరున్నా భుజం ఆనించాల్సిందే. బేబీ పడవ తోసి, కాస్త ఊపిరి తీసుకుని ఇనుపగుండు విసిరితే మామూలుకంటే దూరం పడుతోంది. బరువు పని కొద్దిగా చేసి ఆగితే కండలు చురుకెక్కుతాయనీ, మితిమీరితే డీలాపడతాయనీ ఒక వ్యాయామ కరపత్రంలో చదివాను. అందరికీ ఒకేలా పనిచేయదట. బేబీకి పనిచేస్తోంది, కళ్లారా చూశాను.

బరంపురం మైదానంలో పడవ లేదు, క్రికెట్ పిచ్ చదునుచేసే బరువైన రోలరుంది. విసిరే ముందు దాన్ని కాసేపు తోయనివ్వండి. పోయినసారి ఇదే అడిగితే మీరు నవ్వారు, నేను అరిచాను. చదివి అడిగినవాణ్ణి చూసి నవ్వడం అన్యాయమని ఇప్పటికీ అంటాను.

"అన్నా, నీ నాయం నాకెందుకు? రోలరిప్పించు, సాలు. నువ్వొస్తే మల్లీ తగువే!" అంది బేబీ.

అందుకే, రోలరిస్తే నేను గేటు బయటే నిలబడతాను. గుండు ఎంత దూరం పడిందో మాత్రం ఎవరిచేతనైనా గట్టిగా కేకేయించండి.

ఇట్లు,
బేబీ అన్న