చంద్రకళ టాకీస్ మూతపడిన రోజులు

సెప్టెంబర్ 13, మంగళవారం

ఈ రోజు నుంచి తెలంగాణ కోసం సకల జనుల సమ్మె. ఆటలు లేవు.

పొద్దున్నే ఆయనే స్వయంగా చంద్రకళ గేటు మూశాడు. అట్టముక్క మీద ఎర్ర రంగుతో 'ఆటలు బంద్' అని రాసి కట్టాడు. పెళ్లయిన కొత్తలో జ్వరం వచ్చినా ప్రొజెక్టర్ దగ్గరి నుంచి కదలని మనిషి. ఈ రోజు మాత్రం తల దువ్వుకుని, కండువా వేసుకుని, చుట్టాలింటికి బయల్దేరినట్టు ధర్నా టెంటుకు వెళ్లాడు.

"నాలుగు దినాలు మూస్తే ఏమైతది మేరీ? తెలంగాణ వస్తే రోజూ హౌస్‌ఫుల్లే."

తాళం మేనేజర్ రాజారావు గారు తెచ్చి ఇచ్చారు. కొత్త తాళం. పాతది బాగానే ఉంది కదా...

సెప్టెంబర్ 15, గురువారం

పని లేదు. టికెట్ల గదిలోకి వెళ్లి కాసేపు కూర్చుని వచ్చాను. చిల్లర డబ్బా తుడిచాను. మళ్లీ తుడిచాను.

సెప్టెంబర్ 19, సోమవారం

బస్సులు ఆగిపోయాయి. మియాపూర్ రోడ్డు మీద కుక్కలు పడుకున్నాయి. బొగ్గు రావడం లేదట, కరెంటు కూడా ఉండటం లేదు.

మధ్యాహ్నం పక్క తలుపు తీసుకుని హాల్లోకి వెళ్లాను. చీకటి. బాల్కనీ మెట్ల మీద కూర్చున్నాను. ఖాళీ హాలు ఇంత పెద్దదా!

తెనాలి నుంచి పిన్ని దగ్గరికి వచ్చి, ఇక్కడ ఆడవాళ్ల కౌంటర్లో చేరినప్పుడు చుట్టూ ఫ్యాక్టరీలు, రేకుల షెడ్లు, జొన్న చేలు. ఆట మొదలయ్యేది గడియారం చూసి కాదు, ఫ్యాక్టరీ సైరన్ విని. షిఫ్టు దిగినవాళ్లు నూనె చేతులతోనే వచ్చి వరసలో నిలబడేవారు. నోట్లు కూడా నూనె వాసనే. వాళ్ల భార్యలు నా కౌంటర్ దగ్గరికి క్యారియర్లతో వచ్చేవారు — లోపలే కలిసి తినడానికి. క్వార్టర్లలో ఒకే గది, అత్తమామలు, పిల్లలు. మొగుడూ పెళ్లాలు మాట్లాడుకోవడానికి మా చంద్రకళ తప్ప చోటేది?

చర్చి కట్టకముందు ఆదివారం పొద్దున ప్రార్థనలు కూడా ఇందులోనే. మా పెళ్లి ఆ తెర ముందే జరిగింది. మా పిన్ని రాలేదు. ఆయన తల్లి మెదక్ నుంచి వచ్చింది. పాస్టరు గారు ప్రార్థన చేస్తుంటే కుర్చీలన్నీ లెక్క పెడుతూ కూర్చుంది — "ఇగ ఇవన్నీ మీయేనా కొడకా?"

ఆ తర్వాత ఒక్కొక్క ఫ్యాక్టరీ మూతపడింది. సైరన్ ఎప్పుడు ఆగిపోయిందో గుర్తు కూడా లేదు. అద్దాల ఆఫీసులు వచ్చాయి. వాటిలో పనిచేసేవాళ్లు సినిమాలు మాల్‌లో చూస్తారు.

సెప్టెంబర్ 24, శనివారం

లారీలో కుర్చీలు ఎక్కిస్తున్నారు. పరుగెత్తాను. రాజారావు గారు నీడలో నిలబడి ఉన్నారు.

"రిపేర్లండి మేరీ గారూ. సమ్మె అయ్యేలోపు కొత్తవి వేయిద్దామని ఓనరు గారి ఆలోచన."

కొత్తవి ఎప్పుడొస్తాయంటే, "వస్తాయండీ" అన్నారు. నా ముఖం చూడలేదు.

బస్సులు తిరగని రోడ్డు మీద లారీ హాయిగా వెళ్లిపోయింది.

సెప్టెంబర్ 26, సోమవారం

ప్రొజెక్టర్ తీసుకుపోయారు. ఆయన టెంటులో ఉన్నాడు. నేను బియ్యం కోసం వెళ్లాను. ఆ గంటలోనే.

ఆయన వచ్చి మేడ మీద గదిలో నిలబడ్డాడు. నేల మీద నాలుగు బోల్టుల గుంతలు. గోడకు వెలుగు వెళ్లే కిటికీ. అందులోంచి కిందికి చూస్తే కుర్చీల్లేని నేల.

రాజారావు గారికి ఫోన్ చేశాడు. అవతలి మాటలు నాకు కూడా వినపడ్డాయి. "అమ్మేసి చాలా రోజులైంది యాదగిరీ. ఈ రోడ్డు మీద మెట్రో వస్తుందట. ఆడే హాలు మూస్తే గొడవవుతుందని ఓనరు గారు భయపడ్డారు. మీరే మూసి పెట్టారు. ఆయన పని తేలికైపోయింది."

ఫోన్ పెట్టేశాక ఆయన కండువా తీసి ఆ బోల్టుల గుంతల పక్కన పెట్టాడు. మళ్లీ తీసి వేసుకున్నాడు.

సెప్టెంబర్ 28, బుధవారం

టెంటులో గొడవ. చంద్రకళలో ఊడ్చే లచ్చమ్మ వచ్చి చెప్పింది. "ఆంధ్రోడు టాకీస్ అమ్ముకొని పోతుండు, వాని ఇల్లు ముట్టడిద్దాం" అని లేచారట. కొన్నదెవరో తెలిశాక మళ్లీ కూర్చున్నారట. కొన్నది ఇక్కడివాడే. టెంటుకు షామియానా ఇచ్చినవాడే.

"యాదగిరన్న మాత్రం మళ్ల కూసోలె మేరీ. గట్లనే నిలబడ్డడు."

వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగింది. "ఆంధ్రోళ్లు ఆంధ్రోళ్లు అంటున్నరని మనసుల పెట్టుకోకు. నిన్ను గాదు."

నన్ను కాదని ఈ నెలలో ఎంతమంది చెప్పారో.

అక్టోబర్ 4, మంగళవారం

సద్దుల బతుకమ్మ. ప్రతి ఏడూ మా చంద్రకళ ముందున్న ఖాళీ జాగాలోనే ఆడేవారు. ఫ్యాక్టరీ క్వార్టర్ల ఆడవాళ్లు మొదలుపెట్టిన అలవాటు. సాయంత్రం ఆట ఆపి, బయటి లైట్లన్నీ వేసేవాళ్లం. నేను పాటలు ఇక్కడే నేర్చుకున్నాను.

ఈసారి గేటుకు తాళం. లచ్చమ్మ తంగేడు పూల పళ్లెం నెత్తి మీద పెట్టుకుని గేటు పట్టుకుని ఊపింది. లోపల కాపలాకు కొత్త మనిషి. "ఆర్డర్ లేదమ్మా" అంటాడు.

రోడ్డు మీదే పెట్టారు. నేను కూడా తిరిగాను. పాట మధ్యలో ఒకామె — కొత్తగా వచ్చినామె — "ఈమెకు మన పాటలు ఎట్ల వచ్చు?" అంది. లచ్చమ్మ వంగి చప్పట్లు కొడుతూనే "నోర్ముయ్" అంది.

ఆయన ఎదురుగా టీ కొట్టు దగ్గర నిలబడి చూశాడు. మమ్మల్ని కాదు. గేటుని.

అక్టోబర్ 7, శుక్రవారం

దసరా మర్నాడే జేసీబీ వచ్చింది. ముందు పోస్టర్ల గోడ పడింది.

ఆయన పరుగెత్తి వెళ్లి దాని ముందు నిలబడ్డాడు. చేతులు చాపి. నేను అరిచాను. లచ్చమ్మ నన్ను పట్టుకుంది. నడిపేవాడు ఇంజన్ ఆపి కిందికి దిగాడు. ముప్పై ఏళ్లుంటాయి, పాలమూరు మనిషి.

"అన్నా, జర పక్కకు జరుగు."

"జరగ. తొక్కిస్తవా? తొక్కియ్."

"నేను తెలంగాణోన్ని గాదా అన్నా? సమ్మెల నా బండి పది దినాలు ఆపిన. ఇంట్ల పొయ్యి ఎలగలె. ఇయ్యాల గూడ ఉత్తచేతుల్తోని పోవాల్నా? నువ్వే చెప్పు. పొమ్మంటే పోత."

నిజంగానే అతను ఈయన జవాబు కోసం నిలబడ్డాడు. చాలాసేపు. జనం చేరారు. ఎవరో నినాదం మొదలుపెట్టి, ఎవరూ అందుకోకపోతే ఆపేశారు.

ఆయన చేతులు దించాడు. వచ్చి నా పక్కన నిలబడ్డాడు. ఇంజన్ మళ్లీ మొదలైంది.

అక్టోబర్ 9, ఆదివారం

దుమ్ము. బియ్యంలో, దుప్పట్లో, బైబిలు అట్ట మీద. చర్చిలో మోకరించాను కానీ ఏం అడగాలో తెలియలేదు.

అక్టోబర్ 15, శనివారం

తెర వెనక గోడ ఒక్కటే మిగిలింది. దాని వెనకే ఉన్న మా రెండు గదులు నెలాఖరుకు ఖాళీ చేయాలి.

తెనాలి నుంచి తమ్ముడు ఫోన్. "అక్కా, రాష్ట్రం రెండు ముక్కలైతే అక్కడ నిన్నెవరు చూస్తారు? వచ్చెయ్. బావని కూడా తీసుకురా."

ఆయనకు చెప్పాను. అన్నం ముద్ద చేతిలోనే ఉంది.

"నువ్వు పోతే పో. ఆపేటోన్ని గాదు. నేను ఆడికి వస్తే ఏమంటరు — సమ్మె చేసి, టాకీస్ బంద్ పెట్టి, ఆఖరికి అత్తగారింటికి వచ్చిండంటరు."

"నేనేమన్నానని?"

"నువ్వేమంటలేవు. అదే. ఒక్కసారన్న తిట్టరాదే."

తిట్టలేదు. తిడితే బాగుండేదేమో. కానీ ఆయన మూసింది ఒక్క గేటు. మిగిలినవన్నీ ఎవరు మూశారు?

అక్టోబర్ 21, శుక్రవారం

ఆయనకు రాయదుర్గంలో పని దొరికింది. ఆఫీసు గేటు దగ్గర సెక్యూరిటీ. నీలం చొక్కా, టోపీ. వచ్చేవాళ్ల మెడలోని కార్డు చూసి లోపలికి పంపాలి. పొద్దున చొక్కా గుండీలు తప్పు పెట్టుకుని, విప్పి మళ్లీ పెట్టుకున్నాడు. నేను చూడనట్టు వెనక్కి తిరిగాను.

అక్టోబర్ 25, మంగళవారం

సమ్మె అయిపోయింది. బస్సులు కిక్కిరిసి వెళ్తున్నాయి. టెంటు విప్పేశారు. ఆయన అటు వెళ్లలేదు.

తెలంగాణ ఇంకా రాలేదు.

వెనక గోడ కూడా సాయంత్రం పడిపోయింది. మా వంటగది కిటికీలోంచి మొదటిసారి రోడ్డు కనిపించింది.

అక్టోబర్ 30, ఆదివారం

పుప్పాలగూడలో గది చూడటానికి వెళ్లాం. అపార్ట్‌మెంట్ల నడుమ మిగిలిన పాత ఊరు. ఒకటే గది, బయట కుళాయి. ఇంటామె అరుగు మీద చిక్కుడు కాయలు ఒలుస్తోంది. కిరాయి సంగతి అయ్యాక నా ముఖంలోకి చూసింది. నేను రెండు మాటలే మాట్లాడాను. చాలు, యాస పట్టేసింది.

"మీరు ఆంధ్రోళ్లా?"

నేను నోరు తెరిచేలోపే ఆయన అన్నాడు — "నా భార్య."

"అది సరే. ఏ ఊరు మీది?"

మెదక్ అంటాడనుకున్నాను. ఆ ఒక్క మాట చాలు, గది ఇచ్చేది. ఆయన నా వైపు చూశాడు.

"మాది చంద్రకళ టాకీస్, అమ్మా. ఇద్దరిదీ."

"ఏ టాకీస్?" అందామె. "ఎక్కడున్నది?"

ఆయన మియాపూర్ వైపు చెయ్యి ఎత్తాడు. ఎత్తి, అలాగే ఉంచాడు. ఆమె మమ్మల్నిద్దరినీ మార్చి మార్చి చూసింది.

"మా ఇంటాయనను అడిగి రేపు చెప్త" అని కాయల గంప తీసుకుని లోపలికి వెళ్లింది.

తలుపు దగ్గరగా వేసుకుంది. మేం ఇంకా కాసేపు అక్కడే నిలబడ్డాం.