వదిన తీసెయ్యమన్న పాట

శనివారం, రాత్రి.

బాణీలు కట్టిన సత్తన్న, పాటలు వదిలే ముందు కారులో ఒకసారి వినందే ఒప్పుకోడు. అందుకే ఇవాళ నాచారం స్టూడియో నుంచి ఉప్పల్ దాకా మా బోనాల ఆల్బమ్ మొత్తం విన్నాం. మా గల్లీ లీడర్‌ను పొగిడే పాట ఆల్బమ్‌ని చెడగొడుతోందని వారం నుంచి సత్తన్నతో నా గొడవ. ముందు సీట్లో ఉన్న ఆయన భార్య, మా వదిన, ఆ పాటకే టిఫిన్ డబ్బా మీద దరువేసింది! తర్వాతి పాట రాగానే మాత్రం, "గిదేంది, మస్తుగున్న పాటల నడుమ గింత సప్పగున్నది? తీసెయ్యున్రి" అంది.

అది నేను రాసిందని ఆమెకు తెలియదు. సత్తన్న అద్దంలో నన్ను చూశాడు.

రేపు పొద్దున్నే అప్‌లోడ్. నా పాట తీసెయ్యమని సత్తన్నకు నేనే ఫోన్ చేయాలా? వదినదేముంది, ఆమెకు పాటల సంగతేం తెలుసు... కాదు, కారులో వింటుంటే నాకూ సప్పగానే అనిపించింది.

ఫోన్ ముందు పెట్టుకుని కూర్చున్నాను. నా వేళ్లు టేబుల్ మీద లీడర్ పాటకే దరువేస్తున్నాయి.