తుంటిలో తెల్ల పూత

14-9-96
హైదరాబాద్ దవాఖాన నుంచి ఆర్మూర్‌కు తెచ్చారు. బీడీలు అప్పజెప్పి వస్తూ కార్ఖానా మెట్ల మీద జారాను. విరిగిన తుంటి బొక్కలో ఇప్పుడు టైటానియం రాడ్. ఆరు వారాలు కాలు కింద పెట్టొద్దు. మంచం చుట్టూ కొడుకు రాజేశ్వర్ పసుపు బస్తాలు. గోడ కూడా కనపడదు.

15-9
రాడ్ మీద తెల్ల పూత ఉంది. ఏదో పొడిని లేజర్ లైటుతో కాల్చి ఎక్కించారట. కొత్త పద్ధతి. అది అచ్చం బొక్క లెక్కనే ఉంటదవ్వా, నీ బొక్క దాన్ని తనదే అనుకొని పట్టుకుంటది అన్నాడు డాక్టర్. పట్టకపోతే మళ్లీ కోయాలి.
ఎవరి బొక్క? అప్పుడు అడగలేదు.

19-9, మధ్యాహ్నం రెండు
కోడలు ముత్తెమ్మను అడిగాను. ఎవ్వరిది కాదత్తా, సున్నం లెక్క మందులు కలిపి చేస్తరట, జర పండుకో అన్నది. మందుకు మోసపోతుందా నా బొక్క? అంత పిచ్చిదా? చచ్చిన వాళ్లదెవరిదో గోదారిలో కలపకుండా పొడి కొట్టారు. ఆ మనిషి నా తుంటిలో, నేను మంచంలో.

25-9
సలుపు. పట్టలేదేమో.

2-10
పక్కింటి లసుమవ్వ నా దగ్గర కూర్చుని బీడీలు చుట్టింది. సంగతి చెప్పాను. మొగోడైతే మంచిదేనే, ముసలితనంల తోడు దొరికిండు అని ఆకు కత్తిరిస్తూ నవ్వింది. నాకు నవ్వు రాలేదు.
పట్టకపోతే కోత. పడితే? నేను పోయిన మూడోనాడు కాటిలో బొక్కలు ఏరుతారు. రాడ్ కాలదు. దాన్ని కరుచుకున్న బొక్క ఎవరిదని ఏరుతారు?

12-10, పెత్రమాస, పెద్దల అమావాస్య
పంతులు అయ్యగారు వచ్చారు. రాజేశ్వర్ మా మామ పేర, మా ఆయన పేర బియ్యం ఇచ్చాడు. ఇంకొక పాలు బియ్యం ఇయ్యి బిడ్డా అన్నాను. ఎవరి పేర అన్నారు అయ్యగారు. పేరు తెల్వదు, నా తుంటిల ఉన్నరు అన్నాను. అయ్యగారి ముంగట ఇజ్జత్ తీస్తివి గదనే అవ్వా అని రాజేశ్వర్ బయటికి పోయాడు.
ముత్తెమ్మ లోపలికి పోయి చాటలో బియ్యం, రెండు వంకాయలు, చింతపండు తెచ్చి పెట్టింది. జల్ది కానియ్యుండ్రి, మా అత్త నెల దినాలాయె నిద్రపోక అన్నది.
సాయంత్రం దాకా నిద్రపోయాను.

26-10
ఎక్స్‌రే తీశారు. గట్టిగా పట్టిందట. ఇంక విడదీయరాదట, అడిగాను.
కర్రలిచ్చారు. ఇద్దరం లేచి నిలబడ్డాం.