పదహారు రాలేదు మేడం

నవంబరు 3, సోమవారం

ఉదయం 9:52కి మెసేజ్ వచ్చింది: మీ అమ్మాయి ఈ రోజు బడికి హాజరు కాలేదు.

దాన్ని గేటు దగ్గర దింపింది నేనే. లోపలికి వెళ్లడం చూశాను. బ్యాగు ఒక భుజానికే తగిలించుకుంది, ఎప్పటిలాగే. నా కళ్లయినా అబద్ధం చెప్పి ఉండాలి, ఈ ఫోనయినా.

సాయంత్రం మామూలుగానే వచ్చింది. ఇవాళ ఏం చెప్పారని అడిగాను. సైన్స్ టీచరు బోర్డు మీద కప్ప బొమ్మ వేస్తే అది అచ్చం ఆయనలాగే వచ్చిందట. చెబుతూ తనే పడి పడి నవ్వింది. బడికి వెళ్లని పిల్లకి ఈ కప్ప సంగతి ఎలా తెలిసింది? ఇంకేమీ అడగలేదు. మన చేతిలో ఉన్న కాగితం ముందే చూపిస్తే ఎదుటివాళ్లు దానికి సరిపడా మాత్రమే చెబుతారు. ఇన్నేళ్ల రిపోర్టింగులో నేను నేర్చుకున్నది ఇదొక్కటే.

ఇవాళే ఎడిషన్ ఇన్‌చార్జి నాకో పని అంటగట్టాడు. ఆయన్ని మేమంతా కత్తెర అంటాం. మేం రాసిచ్చిన కాపీలో విశేషణం కనబడితే ఉంచడు. విద్యాశాఖ హాజరు నిబంధనలు కొత్తగా ఇచ్చిందట. ఆదివారానికి అరపేజీ కావాలి: పిల్లలు బడి ఎగ్గొడితే తల్లిదండ్రులు ఏం చేయాలి. బడికెళ్లే పిల్ల ఇంట్లోనే ఉంది కదా, అనుభవంతో రాస్తావులే అన్నాడు.

ఉంది, అన్నాను.

నవంబరు 4, మంగళవారం

9:52. మళ్లీ అదే మెసేజ్.

మా ఆయనకి చూపించాను. ఆయనది కళ్లజోళ్ల షాపు. మిషన్ తప్పయి ఉంటుంది, మా షాపులో మిషన్ మొన్న ఒకాయన గాజుకన్నుకి కూడా పవర్ లెక్కకట్టింది అన్నాడు. అత్తయ్య ఊరుకోలేదు. ఊరందరినీ గుచ్చి గుచ్చి అడుగుతావు, కన్నకూతుర్ని అడగడానికి నోరు పెగలదేమే అంది. అడిగితే జవాబు వస్తుంది అత్తయ్యా, నాకు నిజం కావాలి అన్నాను. అబ్బో, బాగుంది, పేపర్లో వేసుకో అంది.

నవంబరు 5, బుధవారం

మెసేజ్ వచ్చింది. టైము రాయనక్కర్లేదు.

నిబంధనలు రెండుసార్లు చదివాను. మొదటి పీరియడ్‌లో హాజరు తీస్తారు. రాని పిల్లల ఇళ్లకి దానంతటదే మెసేజ్ వెళ్తుంది. కారణం ఏమిటో తల్లిదండ్రులు అదే రోజు బడికి తెలియజేయాలి. తెలియజేయకుండా పిల్ల వరసగా రాకపోతే రిజిస్టరులోంచి పేరు తీసేస్తారు. హాజరు డెబ్బై అయిదు శాతానికి తగ్గితే పరీక్ష రాయనివ్వరు.

విద్యాశాఖ ఆఫీసరుకి ఫోన్ చేశాను. ఓపిగ్గానే చెప్పాడు. ఇంట్లో తెలిసి రాకపోతే గైర్హాజరు అట, ఇంట్లో తెలియకుండా రాకపోతే ఎగవేత అట. మరి పిల్ల బడిలోనే ఉండి, రాలేదని పడితే దాన్నేమంటారని అడిగాను. అటునుంచి కాగితాలు తిరగేసిన చప్పుడు వినబడింది. దానికి కాలమ్ లేదండీ అన్నాడు.

నవంబరు 6, గురువారం, ఉదయం

దాన్ని దింపి, ఆఫీసుకి వెళ్తున్నట్టు సందు తిరిగి, బడికి ఎదురుగా ఉన్న జిరాక్స్ షాపులో నిలబడ్డాను. ఊరికే నిలబడితే బాగోదని నా గుర్తింపు కార్డు కాపీలు తీయించాను. ఇంకా కావాలా అన్నాడు షాపతను. తియ్యండి అన్నాను. మేడం, కార్డు పోయిందా, పోతుందని ముందే తెలిసిందా అన్నాడు.

ఏడో తరగతి గది వీధి వైపే. కిటికీ పక్కన రెండో బెంచీలో మా అమ్మాయి కూర్చుని ఉంది. పెన్సిల్ నములుతోంది. పక్క చోటు ఖాళీ. టీచరు టేబుల్ దగ్గర తల వంచుకుని ట్యాబ్‌లో వేలితో నొక్కుతోంది. తల ఎత్తలేదు.

నేను దాన్ని చూస్తూ ఉండగానే ఫోన్ మోగింది. మీ అమ్మాయి ఈ రోజు బడికి హాజరు కాలేదు.

ఆఫీసులో కూర్చుని రాసిన వార్తల్ని చాలా చూశాను. మనిషి ఎదురుగా ఉండగానే లేదని రాసింది చూడటం ఇదే మొదటిసారి.

అదే రోజు, రాత్రి 8

చెప్పేశాను. నువ్వు కిటికీ పక్కన కూర్చుని ఉండగానే రాలేదని వచ్చింది, నేను రోడ్డు మీద నుంచి చూశాను అన్నాను.

అది ఏడవలేదు, బుకాయించలేదు. నన్ను ఫాలో చేశావా అంది. చేశానన్నాను. పేపర్లో వేస్తావా అంది. ఇంటి వార్తలు వెయ్యం అన్నాను. అప్పుడు చెప్పింది.

వాళ్ల క్లాసులో పేర్లు పిలవరు, నంబర్లు పిలుస్తారు. ఒకటో తరగతి నుంచీ మా అమ్మాయి పదిహేడు. దాని పక్కన కూర్చునే పిల్ల పదహారు. ల్యాబ్‌లో జంట, పరీక్షల్లో ముందూ వెనకా, మా ఇంట్లో కూడా దాన్ని పదహారనే అంటాం. ఈ మధ్య ఇంటికి రావడం లేదని నేను గమనించనే లేదు. పదహారు చాలా రోజులుగా బడికి రావడం లేదు. రోజూ ఆ నంబరు పిలవగానే, రాలేదు మేడం అని చెప్పేది మా అమ్మాయే.

సోమవారం పొద్దున టీచరు, పదహారు పేరు తీసేశాం, కింది వాళ్లందరూ ఒక్కో నంబరు పైకి జరగండి అంది. అంటే ఇప్పుడు పదహారు మా అమ్మాయే. నంబరు పిలిచారు. అలవాటుగా నోటివెంట వచ్చేసింది: రాలేదు మేడం. టీచరు నొక్కేసింది. పదిహేడు అంటే వెనక బెంచీ కళ్లద్దాల కుర్రాడు ప్రెజెంట్ అన్నాడు. అయిపోయింది.

మర్నాడు పొరపాటు కాదట. కావాలనే అంది. నేను ప్రెజెంట్ అంటే పదహారు వచ్చేసినట్టే కదమ్మా, అది రానే లేదు కదా అంది.

కళ్లద్దాల కుర్రాడు చెప్పేయలేదా అన్నాను. చెబితే అద్దాలు దాచేస్తానన్నాను, అయినా మన షాపులోనే కొంటారు కదా అంది.

మా ఆయన అటు తిరిగి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఇది ఇలాగే సాగితే అది పరీక్ష రాయలేదు. పదహారు సంగతి అంతకన్నా ముదిరింది. దానికి బడే లేదు.

నవంబరు 7, శుక్రవారం

మధ్యాహ్నం పదహారు వాళ్లింటికి వెళ్లాను. రెండు గదులు. వాళ్లమ్మ అప్పుడే పని నుంచి వచ్చింది. ఆసుపత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీలో తెల్లవారుజాము షిఫ్టు. వాళ్లాయన లారీ మీద ఉంటాడు, ఎప్పుడొస్తాడో లోడుని బట్టి. అత్తగారు బాత్రూంలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. వాళ్లమ్మ వచ్చేదాకా ముసలావిడ దగ్గర ఉండేది పిల్లే.

బడికి ఎందుకు చెప్పలేదని అడిగాను. ఆవిడకి చర్రున కోపం వచ్చింది. చెప్పకపోవడమేంటండీ, మేమేం బాధ్యత లేనివాళ్లమా, రోజూ చెబుతూనే ఉన్నా, చూస్కోండి అని ఫోన్ నా చేతిలో పెట్టింది.

నిజమే. బడి నుంచి వచ్చిన ప్రతి మెసేజ్ కిందా ఆవిడ జవాబు ఉంది. మేడం గారూ, మా అత్తగారు పడిపోయారు, పాప తోడు ఉంది. మేడం గారూ, ఇంకా లేవలేదు, ఏమీ అనుకోకండి. మేడం గారూ, పాప ఇంట్లో చదువుకుంటోంది. మేడం గారూ, కోపం వచ్చిందా, పలకడం లేదు.

ప్రతి జవాబు పక్కనా చిన్న ఎర్ర గుర్తు. వెళ్లలేదని. అది దానంతటదే మెసేజ్‌లు పంపే నంబరు. దానికి ఎవరూ జవాబివ్వలేరు. ఈ ఎర్ర గుర్తు ఏంటనుకున్నారని అడిగాను. అర్జెంటు అనుకున్నానండీ అంది.

ఈ సోమవారం నుంచి మెసేజ్‌లు ఆగిపోయాయట. హమ్మయ్య, లీవ్ ఇచ్చేశారు అనుకుందట.

పేరు తీసేశారు కాబట్టి ఆగాయి. ఆ మాట నేనే చెప్పాల్సి వచ్చింది. ఆవిడ తడి చేతులు కొంగుకి తుడుచుకుంటూ చాలాసేపు తుడుచుకుంటూనే ఉంది. లోపలి నుంచి ముసలావిడ, ఎవరే వచ్చింది, ఆసుపత్రి వాళ్లయితే రానని చెప్పు అని కేకేసింది.

పదహారు గుమ్మం పట్టుకుని అంతా వింది. నన్ను ఒక్కటే అడిగింది. ఆంటీ, నా చోట్లో ఎవరు కూర్చుంటున్నారు?

ఎవరూ లేరన్నాను. అది ధ్రువీకరించుకున్న వార్త.

నవంబరు 8, శనివారం

అరపేజీ ఇచ్చాను. కారణం అదే రోజు తెలియజేయాలి అని నిబంధన. ఎవరికి, ఏ నంబరుకి? నిబంధనల్లో ఎక్కడా లేదు. విద్యాశాఖ ఆఫీసరుని మళ్లీ అడిగాను. మెసేజ్ పంపే నంబరుకి వచ్చేవి మాకు చేరవండీ, బడి ల్యాండ్‌లైనుకి చెయ్యాలి అన్నాడు. మరి పేరు తీసేసే ముందు ఎవరైనా ఆ ఇంటికి ఫోన్ చేస్తారా అన్నాను. మెసేజ్ వెళ్తే నోటీసు ఇచ్చినట్టేనండీ అన్నాడు. రెండు జవాబులూ ఆయన మాటల్లోనే పెట్టాను.

మా అమ్మాయి సంగతి, పదహారు సంగతి కత్తెరకి చెప్పేశాను. కాపీలో ఆ ఇద్దరూ లేరని కూడా. సూచనలు రాయమంటే చార్జిషీటు పట్టుకొచ్చావేంటమ్మా అన్నాడు. పెన్ను పట్టుకుని మొత్తం చదివి, కొయ్యడానికి ఏమీ దొరక్క, హెడ్డింగు మార్చాడు: మెసేజ్‌కి జవాబివ్వకండి, బడికి ఫోన్ చేయండి.

నవంబరు 10, సోమవారం

హెడ్‌మిస్ట్రెస్ గది. క్లాస్ టీచరు కూడా ఉంది. మా అమ్మాయి ఆ రోజుల్లోనే బోర్డు దగ్గరికొచ్చి లెక్క చేసిందని ఆవిడే ఒప్పుకుంది. మరి రాలేదని ఎలా వేశారన్నాను. పిల్ల వచ్చిందండీ, పదహారు రాలేదు అంది. అన్నాక తనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. యాభై చిల్లర మందిని పది నిమిషాల్లో పిలవాలి, ఆవిణ్ణి ఏమనగలం.

హెడ్‌మిస్ట్రెస్ సర్వీసంతా దొంగ హాజర్లు పట్టుకోవడంతోనే సరిపోయిందట. లేనివాళ్లకి ప్రెజెంట్ చెప్పేవాళ్లని చూశానమ్మా, ఉండి కూడా లేననేదాన్ని ఇప్పుడే చూస్తున్నా, దీనికేం శిక్ష వెయ్యాలో మీరే చెప్పండి అంది. పిల్ల తన నంబరుకి పలికితే పాతవి సరిచేస్తానంది. లేకపోతే శాతం తగ్గుతుంది, ఆ తర్వాత తన చేతుల్లో లేదంది.

పదహారు సంగతి గురువారం బడి కమిటీలో పెడతారు. తల్లి ఫోన్ చూపించాలి. పిల్ల రోజూ వస్తుందని రాసివ్వాలి. ముసలావిడని పొద్దున ఎవరు చూసుకుంటారో కూడా చెప్పాలి. అది చెప్పలేకపోతే ఈ ఏడాది పోయినట్టే.

నవంబరు 11, మంగళవారం

పదహారు వాళ్లింట్లో ముసలావిడ దగ్గర తను వెళ్లి కూర్చుంటానంది అత్తయ్య. పొద్దున్న నుంచి మధ్యాహ్నం దాకా ఇక్కడ ఈ గోడల్ని చూస్తూ కూర్చోవడమేగా, అక్కడ గోడలైనా వేరే రంగులో ఉంటాయి అంది.

నవంబరు 12, బుధవారం

ట్రయల్ రన్. ఇద్దరు ముసలమ్మలూ పది నిమిషాల్లో పోట్లాడుకున్నారు. కిటికీ తెరవాలా మూయాలా అని. సాయంత్రం అత్తయ్య వచ్చి, అలాంటి మొండి మనిషిని నా జన్మలో చూడలేదు, రేపు పెందరాళే దింపు అంది.

మా అమ్మాయి ఇవాళ కూడా పలకలేదు. మెసేజ్ వచ్చింది.

నవంబరు 13, గురువారం

కమిటీ ఒప్పుకుంది. సోమవారం నుంచి రావచ్చు.

ఒక మెలిక ఉంది. తీసేసిన నంబరు తిరిగి ఇవ్వరు. మళ్లీ చేరిన పిల్ల పేరు జాబితా చివర్న చేరుతుంది. పదహారు ఇక పదహారు కాదు. నంబరు మా అమ్మాయిదే. మార్చమని బతిమాలాను. కంప్యూటర్ ఒప్పుకోదమ్మా అంది హెడ్‌మిస్ట్రెస్. బెంచీ సంగతి కంప్యూటర్‌కి తెలియదు కదా అన్నాను. బెంచీ నా ఇష్టం, పాత చోటే ఇస్తా అంది.

మా అమ్మాయికి చెబితే, అయితే నేను జన్మలో పలకను అని తలుపేసుకుంది.

నవంబరు 15, శనివారం

పదహారు మా ఇంటికొచ్చింది. మూసిన తలుపు ముందు నిలబడి, ఒసేయ్, ఆఖరి నంబరంటే ఏంటో తెలుసా, నేను ప్రెజెంట్ అంటేగానీ హాజరు అయిపోదు, క్లాసంతా నా కోసం ఆగాల్సిందే అంది. తలుపు మీద ఒక్కటిచ్చింది. పదహారు నీకిచ్చేశానే, తీసేసింది వాళ్లు, ఇచ్చింది నేను, నోర్మూసుకుని పలుకు అంది.

నోర్మూసుకుని ఎలా పలుకుతారే అని లోపలి నుంచి వినబడింది. తలుపు తెరుచుకుంది.

నవంబరు 16, ఆదివారం

రేపు ఏడున్నరకి అత్తయ్యని అక్కడ దింపాలి. తొమ్మిదిన్నరకి హాజరు పిలుస్తారు. 9:52కి నా ఫోనూ, పదహారు వాళ్లమ్మ ఫోనూ మోగకూడదు.

మోగకపోయినా నమ్మను. పదింటికి ల్యాండ్‌లైనుకి ఫోన్ చేస్తాను.